మంచు కరిగితే బాగుపడేదెవరు? ఆర్కిటిక్ బతుకుల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ధ్రువపు ఎలుగుబంట్ల గురించి రాసిన జవాబుకి చాలా ఉత్తరాలొచ్చాయి, అందులో సగం పైన "ఎలుగుబంట్లు సరే, అక్కడ మనుషులు కూడా ఉంటారు కదా, వాళ్ల పొట్ట ఎలా గడుస్తోంది" అని అడిగినవే. నిజమే, భూమికి ఉత్తర కొసన ఉండే ఆర్కిటిక్ ప్రాంతంలో దాదాపు 40 లక్షల మంది ఉంటారు, వాళ్లలో సుమారు పదోవంతు మంది ఇన్యూట్, సామీ, నెనెట్స్ లాంటి ఆదివాసీలు. అందుకే ఈ నెల పేజీలన్నీ వాళ్లకే ఇస్తున్నా.

ప్రశ్న: మంచు కరిగితే మంచిదే కదండీ? ఓడలు తిరుగుతాయి, చమురు దొరుకుతుంది, చలి బాధ తగ్గుతుంది. అక్కడివాళ్లు బాగుపడాలి కదా, మరి ఎందుకు బాధపడుతున్నారు?

జవాబు: పెద్ద పెద్ద ప్రభుత్వాలు కూడా ఇదే లెక్క వేసుకుంటున్నాయండీ, మీరొక్కరే కాదు. కాకపోతే ఆ లెక్కలో ఒక సంగతి వదిలేస్తున్నారు. అక్కడ చలి అంటే కష్టం కాదు, ఆస్తి. గడ్డకట్టిన సముద్రం వాళ్లకి రోడ్డు, పక్క ఊరికి పోవాలన్నా సీల్ వేటకి పోవాలన్నా స్లెడ్జి బండ్లూ స్నోమొబైల్సూ దాని మీదే పోతాయి. గడ్డకట్టిన నేల ఇంటికి పునాది, అమెరికాలోని అలాస్కా ఉత్తర తీరంలో ఐతే ఆ నేలలోనే లోతుగా గది తవ్వి తిమింగలం మాంసం దాచుకుంటారు, అదే వాళ్ల ఫ్రిజ్, ఇప్పుడు కొన్ని గదుల్లోకి నీళ్లొస్తున్నాయి. ఇవన్నీ చలి ఉచితంగా కట్టిచ్చి ఏటా ఉచితంగా రిపేర్ చేసే వసతులు. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ మొత్తం భూమి సగటు కంటే దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కిందని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 2022లో లెక్క తేల్చారు, అంటే వడ్డీ మాట అటుంచి అసలుకే ఎసరు వచ్చింది.

ఇక ఓడల సంగతి. రష్యా ఉత్తర తీరం వెంట పోయే దారిలో 2024లో దాదాపు 3.8 కోట్ల టన్నుల సరుకు కదిలింది, వినడానికి పెద్ద నంబరే, కానీ అందులో ఎక్కువ భాగం రష్యా సొంత గ్యాసు, చమురు, ఖనిజాలు, 2017 చివర్లో యమాల్ ద్వీపకల్పంలో సబెట్టా రేవు నుంచి మొదలైన ద్రవ గ్యాస్ లాంటివి. ఈ చివర నుంచి ఆ చివరకి దాటిపోయిన సరుకు 30 లక్షల టన్నుల దాకానే. ఓడ దాటిపోతే ఒడ్డున ఉన్న పల్లెకి ఏమొస్తుంది చెప్పండి, పొగ తప్ప.

ఐతే లాభం అసలే లేదంటే అబద్ధం అవుతుంది. అలాస్కా రాష్ట్రం చమురు డబ్బులో కొంత పక్కన పెట్టడానికి 1976లో ఒక శాశ్వత నిధి పెట్టింది, 1982 నుంచి దాని రాబడిలోంచి ప్రతి ఏడూ అక్కడ ఉండే ప్రతి మనిషికీ, పిల్లలతో సహా, డివిడెండ్ ఇస్తోంది, 2022లో అది మనిషికి 3,284 డాలర్లు. మారుమూల పల్లెలో పెద్ద కుటుంబానికి అది చిన్న డబ్బేం కాదు. కానీ ఆ చమురు తవ్వకానికే చలి కావాలి! టండ్రా నేల గట్టిగా గడ్డకడితేనే దాని మీద లారీలు పోతాయి, 1970ల్లో ఏడాదికి 200 రోజులు పైన దొరికే ఆ సీజన్ 2000ల నాటికి దాదాపు సగానికి పడిపోయింది. 1977లో మొదలైన అలాస్కా పైప్‌లైన్ స్తంభాల మీద పొడుగాటి గొట్టాలు కనిపిస్తాయి ఫోటోల్లో, అవి నేలలోంచి వేడిని బయటకి లాగి గడ్డ కరక్కుండా చూడ్డానికే పెట్టినవి. అంత కష్టపడి కాపాడుకుంటున్నారంటే చలి విలువ ఎంతో చూడండి.

ప్రశ్న: వాన పడితే రెయిన్‌డీర్లు చచ్చిపోతాయని ఎక్కడో చదివాను. చలికాలంలో వాన పడితే చలి తగ్గినట్టే కదా, జంతువులకి హాయిగా ఉండాలి. నాకు అర్థం కాలేదు సర్.

జవాబు: ఇది నేను చదివినవాటిలో నన్ను ఎక్కువ కదిలించిన విషయం, కాస్త ఓపిగ్గా చదవండి.

రెయిన్‌డీర్ అంటే అక్కడివాళ్లు మందలుగా పెంచుకునే ఒక రకం దుప్పి. చలికాలంలో అది తినేది లైకెన్ అనే నాచు లాంటి మేత. అది మంచు కింద ఉంటుంది. రెయిన్‌డీర్ దాన్ని వాసనతో పసిగట్టి గిట్టలతో మంచు గోకి తింటుంది, ఎముకలు కొరికే చలిలో కూడా దానికేం ఇబ్బంది లేదు, మంచు పొడిగా మెత్తగా ఉంటే చాలు. మధ్యలో ఒక్కరోజు వెచ్చబడి వాన పడిందనుకోండి, ఆ నీళ్లు మంచులోకి ఇంకి, మళ్లీ చలి రాగానే అద్దం పలకలాగా గడ్డకట్టేస్తాయి. ఇక గిట్టలు దిగవు. మేత రెండు జానల కిందే ఉంటుంది, నోటికి అందదు.

2013 నవంబర్‌లో యమాల్ ద్వీపకల్పంలో అదే జరిగింది. ఒక రోజంతా వాన, వెంటనే ఘోరమైన చలి, ఆ పలక మళ్లీ వసంతం దాకా కరగలేదు. ఆ చలికాలంలో 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చిపోయాయి, అంతకుముందు 2006లో ఇలాగే 20,000 దాకా పోయాయి. నెనెట్స్ కుటుంబాలు మందతో పాటే ఏడాదికి వందల కిలోమీటర్లు నడుస్తాయి, మందే వాళ్లకి తిండి, బట్ట, గుడారం, బండి. మంద పోయిన కుటుంబానికి బ్యాంకు బ్యాలన్స్ పోలేదు, ఇల్లూ వాకిలీ బండీ అన్నీ ఒకేసారి పోయాయి. కొందరు మళ్లీ మంద పెంచుకునే దాకా చేపలు పట్టుకుని బతికారు. ఈ వానలకి కారణం వెతికిన శాస్త్రవేత్తలు పక్కనున్న బారెంట్స్, కారా సముద్రాల మీద మంచు తగ్గి గాలిలో తేమ పెరగడం వైపే వేలు చూపించారు.

అంతటితో ఆగలేదు. 2016 వేసవి అక్కడ విపరీతమైన ఎండలు, గడ్డకట్టిన నేల లోతుగా కరిగి ఎప్పుడో చచ్చిన జంతువుల ఆంత్రాక్స్ క్రిములు బయటపడ్డాయి, 2,000 పైగా రెయిన్‌డీర్లు, 12 ఏళ్ల ఒక పిల్లాడు చనిపోయారు. 2007లోనే అక్కడ రెయిన్‌డీర్లకి టీకాలు ఆపేశారు, మళ్లీ ఈ చావుల తర్వాతే మొదలుపెట్టారు. ప్రకృతి ఎంత తప్పు చేసిందో ఆఫీసుల్లో ఉన్నవాళ్లూ అంత తప్పు చేశారని నాకు అనిపిస్తుంది.

పడమర వైపు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లో సామీ కాపర్లది కూడా ఇదే గోడు. మనకి మంచు అంటే ఒక్క మాట, పొద్దున గడ్డి మీద పడేదీ మంచే, హిమాలయం మీద ఉండేదీ మంచే. సామీ భాషలో మంచుకి రకరకాల పేర్లుండటమే కాదు, మంచు కింది మేత ఇవాళ జంతువు నోటికి అందుతుందా లేదా అనేదానికి కూడా 'గువొహ్తున్' అని విడిగా మాటుంది, కాపరికి పొద్దున లేస్తే కావల్సిన సమాచారం అదే మరి. ఇప్పుడు అది బాలేని ఏళ్లు ఎక్కువై దాణా కొని పెడుతున్నారు. దాణా ఖర్చు, మోయడానికి పెట్రోలు ఖర్చు, పైగా మందని ఒకేచోట కట్టి మేపితే కళ్లజబ్బుల లాంటి అంటురోగాలు. పాత రోజుల్లో ఐతే నేల మీద మేత అందకపోతే ముసలి చెట్లకి వేలాడే లైకెన్ ఉన్న అడవికి తోలేవాళ్లు, స్వీడన్‌లో కలప కోసం ఆ అడవులు కొట్టేస్తూ పోవడంతో లైకెన్ బాగా ఉండే అడవి 60 ఏళ్లలో 71 శాతం తగ్గిపోయింది. వాతావరణం ఒక దారి మూస్తుంటే మనుషులు రెండో దారి ముందే మూసేశారు, అదీ అసలు బాధ.

ప్రశ్న: అలాస్కాలో వెయ్యి కోట్ల పీతలు మాయమయ్యాయట, నిజమేనా? వలస వెళ్లిపోయాయా, ఎక్కువ పట్టేశారా?

జవాబు: నిజమే. బేరింగ్ సముద్రంలో 2018 తర్వాత మూడేళ్లలో స్నో క్రాబ్ అనే పీతలు సుమారు 1,000 కోట్లు తగ్గిపోయాయి. 2022లో చరిత్రలో మొదటిసారి ఆ వేట మూసేశారు.

సముద్రం పైన మంచు గట్టిగా కడితే అడుగున 2 డిగ్రీల లోపు చల్లటి నీళ్ల పొర ఒకటి ఏర్పడుతుంది, పిల్ల పీతలు అందులో బతుకుతాయి, వాటిని తినే కాడ్ చేపలు ఆ చలికి లోపలికి రావు, అంటే పీతలకి అది కోటగోడ లాంటిది. 2018, 2019లో సముద్రం వేడెక్కి ఆ పొర కుంచించుకుపోయింది. 2023లో వచ్చిన పరిశోధన చెప్పేదేంటంటే వేడి వాటిని నేరుగా చంపలేదు, ఆకలి చంపింది. నీళ్లు 0 నుంచి 3 డిగ్రీలకి చేరితే పీతకి కావల్సిన తిండి దాదాపు రెట్టింపు అవుతుంది, అప్పటికే గుంపులు గుంపులుగా ఉన్నాయి, తిండి చాల్లేదు. కాబట్టి దీన్ని జాలర్ల దురాశ అనడం అన్యాయం.

దెబ్బ తగిలింది మాత్రం వాళ్లకే. సముద్రం నడిమధ్య సెయింట్ పాల్ అని చిన్న దీవి ఉంది, కొన్ని వందల మంది, ఎక్కువగా ఉనంగన్ ఆదివాసీలు. ఊరి ఆదాయం చాలా వరకు పీతల మీద వచ్చే పన్నులే, ఆ డబ్బు ఆగితే అంబులెన్సూ పోలీసూ కూడా ఆగే పరిస్థితి, 2022లో ఆ ఊరు ఏకంగా ఎమర్జెన్సీ ప్రకటించుకుంది. 2024లో వేట మళ్లీ తెరిచారు కానీ కోటా 47 లక్షల పౌండ్ల బరువు పీతలే, మూసేయడానికి రెండేళ్ల ముందు అది 4.5 కోట్ల పౌండ్లు. పడవ అప్పు మాత్రం అప్పటి కోటా చూసి తీసుకున్నదే కదా.

ప్రశ్న: గ్రీన్‌లాండ్‌లో ఇప్పుడు బంగాళదుంపలు, కూరగాయలు పండిస్తున్నారట. ఇక వ్యవసాయ దేశం అవుతుందా?

జవాబు: దక్షిణపు కొసన కొద్దిగా గొర్రెలు, దుంపలు ఉన్నాయి, అది పాత సంగతే. ఆ దేశం బతికేది చేపల మీద. జనాభా 57,000 లోపు, ఎగుమతుల్లో 90 శాతం పైన రొయ్యలు, హాలిబట్ లాంటి చేపలే, ప్రభుత్వ ఖర్చులో సగం దాకా డెన్మార్క్ ఇచ్చే గ్రాంటు.

చేపల్లో మాత్రం వేడి కొంత కలిసొచ్చింది. అంతకుముందు లేని మాకెరెల్ చేప 2011లో అక్కడి నీళ్లలో పడటం మొదలైంది, 2014కల్లా ఎగుమతి ఆదాయంలో దాదాపు నాలుగో వంతు అదే. తర్వాత? మళ్లీ తగ్గిపోయింది. పాతవాళ్లు ఈ సినిమా ముందే చూశారు. 1920ల్లో నీళ్లు వెచ్చబడి కాడ్ చేప ఉత్తరానికి వచ్చింది, సీల్ వేటగాళ్లు జాలర్లయ్యారు, ఊళ్లు పెరిగాయి, 1960ల చివర్లో నీళ్లు చల్లబడటం, ఎడాపెడా పట్టడం రెండూ కలిసి కాడ్ కుప్పకూలింది. అప్పుడు రొయ్యల మీదికి మళ్లిన సిసిమియుట్ ఊరు నిలబడింది, దక్షిణాన కాడ్‌నే నమ్ముకున్న ఊళ్లు చితికాయి. చేప వస్తుంది, పోతుంది, ఫ్యాక్టరీ గోడలకి కాళ్లుండవు. అందుకే కొత్త చేప రాగానే సంబరపడి రాసే వార్తలు చూస్తే నాకు భయమేస్తుంది.

ఇంకో మాట, ఉత్తరాన హాలిబట్‌ని మంచుకి కన్నం పెట్టి గాలాల తాడు దింపి పడతారు, కుక్కల బండి మీద ఇంటికి తెస్తారు. మంచు తగ్గితే పడవ మీద పోవచ్చు, పడవ ఉన్నవాడికి ఎక్కువ రోజులు పని. పడవ కొనలేనివాడికి కుక్కలు తప్ప ఏమున్నాయి? 2019 జూన్‌లో కానాక్ దగ్గర డెన్మార్క్ శాస్త్రవేత్త స్టెఫెన్ ఓల్సెన్ తీసిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు, కుక్కలు నీళ్ల మీద నడుస్తున్నట్టుంటుంది, అది సముద్రపు మంచు మీద కరిగి నిలిచిన నీరు, కింద మంచు ఇంకా మందంగానే ఉంది. ఆ బండి తోలే వేటగాడికి ఎక్కడ అడుగు వేయచ్చో తెలుసు కాబట్టి క్షేమంగా వచ్చారు.

ప్రశ్న: అక్కడ ఐసు మీద లారీలు నడుస్తాయని వీడియోలో చూశా. అది కరిగితే మామూలు రోడ్డు వేసుకోవచ్చు కదా?

జవాబు: వేసుకోవచ్చు, డబ్బులుంటే. కెనడాలో వజ్రాల గనులకి పోయే ఒక చలికాలపు రోడ్డు దాదాపు 400 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం చెరువుల మీదే. ఏడాదికి రెండు నెలలు తెరుస్తారు, ఏడాదికి సరిపడా డీజిలూ సిమెంటూ అప్పుడే పోవాలి. బరువు లారీ 25 కిలోమీటర్ల స్పీడు దాటకూడదు, దాటితే ఐసు కింద నీళ్లలో అల లేచి ఐసునే పగలగొడుతుంది. 2006లో సీజన్ అర్ధాంతరంగా అయిపోయి మిగిలిన సరుకు విమానాల్లో మోయాల్సొచ్చింది. గని కంపెనీ ఐతే ఆ ఖర్చు తట్టుకుంటుంది, అలాంటి రోడ్డు మీదే బియ్యం, పాలు, ఇంటి కిటికీలు తెచ్చుకునే చిన్న ఊరు తట్టుకోలేదు.

ఏడాదంతా పనిచేసే రోడ్డు ఒకటి 2017 నవంబర్‌లో తెరిచారు, ఇనువిక్ నుంచి సముద్రం ఒడ్డున టుక్టోయాక్టుక్ దాకా, సుమారు 138 కిలోమీటర్లకి దాదాపు 30 కోట్ల కెనడా డాలర్లు. అది కూడా గడ్డకట్టిన నేల మీదే ఉంది కాబట్టి నేల కరిగినచోటల్లా కుంగుతుంది, సరిచేస్తూనే ఉండాలి. రష్యాలో యాకుట్స్క్ లాంటి పెద్ద నగరం దాదాపు మొత్తం నేలలో దింపిన స్తంభాల మీద నిలబడింది, స్తంభం చుట్టూ నేల గడ్డగా ఉన్నంతవరకే దానికి బలం. 2020 మేలో రష్యాలోనే నోరిల్స్క్‌లో ఒక కంపెనీ ట్యాంకు కూలి 21,000 టన్నుల దాకా డీజిల్ నేలలోకి, నదుల్లోకి పోయినప్పుడు కంపెనీ నేల కరగడం వల్ల అంది, తనిఖీ అధికారులు కట్టడంలో, నిర్వహణలో లోపాలు చూపించారు. కోర్టు 14,600 కోట్ల రూబుళ్లు కట్టమంది, కట్టారు కూడా. ఆ నదుల్లో చేపలు పట్టుకునేవాళ్లకి ఆ చేపలు మాత్రం అంత త్వరగా తిరిగి రావు.

ప్రశ్న: వేడి తగ్గాలంటే గాలిమరలు, బ్యాటరీలు కావాలి కదా. వాటిని అక్కడివాళ్లే అడ్డుకుంటున్నారని విన్నాను, ఇది వాళ్లకే నష్టం కాదా?

జవాబు: మీరు విన్నది సగం నిజమండీ. నార్వేలో ఫోసెన్ దగ్గర సామీ కాపర్ల చలికాలపు మేత భూముల్లో 151 గాలిమరలు పెట్టారు. మరల చప్పుడుకి, కదలికకి రెయిన్‌డీర్లు అటు వైపు పోవు, అంటే మేత ఉన్నా లేనట్టే. 2021 అక్టోబర్ 11న నార్వే సుప్రీంకోర్టు ఆ అనుమతులు చెల్లవు, సామీల సంస్కృతి హక్కుని కాలరాశాయి అని ఏకగ్రీవంగా చెప్పింది. చెప్పినా మరలు తిరుగుతూనే ఉన్నాయి. 500 రోజులు దాటాక 2023లో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖల గుమ్మాల ముందు కూర్చున్నారు, స్వీడన్ వాతావరణ ఉద్యమకారిణి గ్రెటా థున్‌బెర్గ్ కూడా వచ్చి వాళ్ల పక్కనే కూర్చుంది. చివరికి ఆ ఏడాది డిసెంబర్‌లో ఒక వర్గంతో, 2024లో రెండో వర్గంతో రాజీ కుదిరింది, పరిహారం, వేరేచోట మేత ఇస్తామన్నారు, మరలు మాత్రం అక్కడే ఉన్నాయి.

స్వీడన్‌లో కిరునా ఊరిది ఇంకో కథ, ఇనుప గని కోసం ఊరినే జరుపుతున్నారు, 2025 ఆగస్టులో 672 టన్నుల చెక్క చర్చిని చక్రాల మీద 5 కిలోమీటర్లు లాక్కెళ్లారు. పక్కనే బ్యాటరీ కార్లకీ గాలిమరలకీ కావల్సిన అరుదైన ఖనిజాల నిక్షేపం ఉందని 2023 జనవరిలో ప్రకటించారు, అక్కడ తవ్వితే తమ మంద వలస దారి పూర్తిగా తెగిపోతుందని గాబ్నా సామీ కాపర్లు మొత్తుకుంటున్నారు. వేడికి కారణం వాళ్లు కాదు, వేడి దెబ్బ ముందు తిన్నది వాళ్లు, ఇప్పుడు ఆ వేడిని తగ్గించే ఖర్చు కూడా వాళ్ల మేతలోంచే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. గాలిమరలు వద్దని నేను అనను, కచ్చితంగా కావాలి. కానీ ఎక్కడ పెట్టాలో ముందు అడగాలి, పెట్టాక కాదు.

ప్రశ్న: ఇన్ని కష్టాలుంటే వాళ్లు ఊళ్లు వదిలి దక్షిణానికి వచ్చేయొచ్చు కదా మేడమ్/సర్?

జవాబు: కొందరు కదులుతున్నారు, కానీ దక్షిణానికి కాదు. అలాస్కాలో న్యూటాక్ అని యూపిక్ పల్లె, కింద నేల కరిగి, నది ఏటా ఒడ్డు కోసేసి ఇళ్ల దాకా వచ్చింది. 1990ల్లోనే ఊరు మారదామని నిర్ణయించుకున్నారు, నదికి అవతల 9 మైళ్ల దూరంలో మెర్టార్విక్ అనే ఎత్తు ప్రదేశం చూసుకున్నారు. మొదటి కుటుంబాలు కొత్త ఇళ్లలోకి వెళ్లింది 2019లో, మిగతావాళ్లు 2024లో. ఒక చిన్న పల్లె 9 మైళ్లు జరగడానికి పాతికేళ్లు పైనే పట్టింది, ఎందుకంటే ఊరు మార్చే పని ఫలానా ఆఫీసుది అని ఎక్కడా లేదు, రోడ్డుకి ఒకరు, బడికి ఒకరు, ఇళ్లకి ఇంకొకరు, ఇళ్లు లేకుండా బడి ఇవ్వం అని ఒకరూ బడి లేకుండా ఇళ్లు కట్టం అని ఒకరూ. ఇంకో సంగతి తెలుసా, వాళ్ల తాతలకి వేసవికో చోటు చలికాలానికో చోటు ఉండేది, గత శతాబ్దం మధ్యలో బడి కట్టి ఒక్కచోట కూర్చోబెట్టింది ప్రభుత్వమే.

ఉన్నచోటే నిలబడటానికి కూడా ప్రయత్నాలు జరుగుతున్నాయి, అందులో నాకు బాగా నచ్చినది కెనడా ఇన్యూట్ ఊళ్లలో నడిచే స్మార్ట్ఐస్. స్లెడ్జి వెనక ఒక సెన్సర్ కట్టి ఊరి మనిషే స్నోమొబైల్ మీద తిప్పుతాడు, ఐసు ఎక్కడ ఎంత మందం ఉందో కొలుస్తుంది, ఐసులో నిలబెట్టే ఇంకో పరికరం కూడా ఉంది. ఇదివరకు పెద్దలు రంగు చూసి, కర్రతో పొడిచి చెప్పగలిగేవాళ్లు, ఇప్పుడు ఐసు పాత అలవాట్ల ప్రకారం నడవట్లేదు కాబట్టి పెద్దల మాటా సెన్సర్ లెక్కా రెండూ కలిపి మ్యాపు గీస్తున్నారు, ఎక్కడ పోవచ్చు, ఎక్కడ జాగ్రత్త, ఎక్కడికి అసలు పోకూడదు అని. ఆ పరికరాలు బిగించే పని లాబ్రడార్ తీరంలో నైన్ అనే ఊళ్లో అక్కడి కుర్రాళ్లే నేర్చుకుని చేస్తున్నారు, అంటే ఐసు గురించి తెలియడం మళ్లీ ఆ ఊళ్లో జీతం వచ్చే పని అయింది.